మా తోడికోడలి కేలరీల లెక్క

హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్స్ చెప్తాను. కేలరీ అంటే ఏమిటో ప్రతి ఏడూ చెప్పే పాఠమే. గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి ఎంత వేడి కావాలో అంత. బోర్డు మీద రాసి, కింద గీత గీసి, పరీక్షలో తప్పకుండా వస్తుందని బెదిరించి తర్వాతి పాఠంలోకి వెళ్ళిపోయేదాన్ని. ఆ మాట ఒకరోజు మా వంటింట్లోకి వస్తుందని, మా తోడికోడలి ప్రాణం దాని మీద ఆధారపడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

తోడికోడలంటే నా మరిది భార్య. మచిలీపట్నంలో మా రెండు కుటుంబాలకీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. ఈ రోజుల్లో ఒకే వంటిల్లు ఎలా పంచుకుంటున్నారండీ అని మా స్టాఫ్ రూములో అడుగుతుండేవాళ్ళు. పంచుకోవడం ఎక్కడిది? వంటిల్లంతా ఆమెదే. దివిసీమలో అవనిగడ్డ దాటి లోపలికి వెళ్తే వస్తుంది వాళ్ళ ఊరు. కాపురానికి వచ్చిన కొత్తలోనే నా చేతిలో గరిటె తీసేసుకుని, "నువ్వు బడికెళ్ళక్కా, ఇది నేను చూసుకుంటాగా" అంది. నేను మారు మాట్లాడకుండా ఇచ్చేశాను. నేను వండింది ఇంట్లో ఎవరూ రెండోసారి అడిగేవాళ్ళు కాదు మరి. అప్పట్నుంచీ నా క్యారేజీ ఆమె సర్దుతుంటే, మధ్యాహ్నం స్టాఫ్ రూములో సగం మంది నా చుట్టూనే కూర్చునేవాళ్ళు. నా సొంత అక్కచెల్లెళ్ళతో నాకు అంత పొత్తు కుదరలేదు. ఈమెతో కుదిరింది.

అలాంటి మనిషికి ముద్ద దిగడం మానేసింది. గ్యాసని కొన్నాళ్ళు, ఎండలని కొన్నాళ్ళు మాకు చెప్పకుండా నెట్టుకొచ్చింది. చివరికి పరీక్షలు చేయిస్తే అన్నం దిగే గొట్టంలో గడ్డ ఉందన్నారు. మందులు ఎక్కించారు, కరెంటు పెట్టారు. గడ్డ చిన్నదయ్యాక ఆపరేషన్ చేసి తీసేస్తామన్నారు. గుడివాడలో ఒక ఆసుపత్రికి వారానికోసారి పెద్ద డాక్టరు వచ్చేవారు. ఆయన మాటలు తక్కువ మనిషి. "ఇప్పుడున్న బరువు నిలబెట్టండి. నిలబడితే ఆపరేషన్ చేస్తాం. ఇంకా తగ్గిపోతే తట్టుకోలేరు, చెయ్యలేం" అని మా మొహాన చెప్పేశారు. ఆ రోజు నుంచి ఇంట్లో అందరికీ ఒకటే ధ్యాస. ఆమె బరువు తగ్గకూడదు.

బరువు నిలబెట్టే మార్గం చెప్పడానికి ఆ ఆసుపత్రిలోనే ఒక డైటీషియన్ అమ్మాయి ఉంది. మా పాత విద్యార్థుల వయసు ఉంటుంది. చెవులకి చిన్న రింగులు, చేతిలో పెన్ను.

"ఆంటీ, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఏమేం తిన్నారో చెప్పండి" అని అడిగింది.

మా తోడికోడలు నావైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఇద్దరికీ తెలియదు. ఆమె ఎప్పుడు తింటుందో, ఎంత తింటుందో అన్నేళ్ళలో నేను ఎప్పుడైనా చూస్తే కదా. అందరి భోజనాలూ అయ్యాక కూర గిన్నెలోనే ఇంత అన్నం వేసి కలుపుకుని, నిలబడే తినేసి, గిన్నె సింకులో పడేసేది. కంచం కడగడం దండగ అనేది.

"ఏదో తింటానమ్మా, మిగిలింది" అంది చివరికి.

"మిగిలింది అని రాసుకుంటే లెక్క రాదాంటీ" అని ఆ అమ్మాయి నవ్వి, రోజుకి ఇన్ని కేలరీలు లోపలికి వెళ్ళి తీరాలని చెప్పింది. పొడులూ డబ్బాలూ సరే, అసలు తిండి ఇంట్లో వండిందే పెట్టమంది. మెత్తగా మెదిపి, కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు. పెట్టిన ప్రతిదానికీ లెక్క ఉండాలంది. లెక్కలంటే నాకు భయం లేదు. అది నా చేతిలో పనే అనిపించింది. తిరిగొచ్చేటప్పుడు వంటకి ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాటా, ఆమె ఎక్కి బరువు చూసుకోవడానికి ఇంకొకటి కొనుక్కున్నాం.

ఫోన్లో ఒక యాప్ వేసుకున్నాను. దానికి పిజ్జా ముక్కలో ఎన్ని కేలరీలో తెలుసు. దోసకాయ పప్పు తెలియదు. కొరమేను పులుసు అసలే తెలియదు. అన్నం అని కొడితే ఒక కప్పుకి ఇంత అంటుంది. మా ఇంట్లో కప్పులెక్కడివి? హస్తం గరిటెతో రెండు హస్తాలు పెడతాం, ఆకలేస్తే మూడు. కూరలన్నిటికీ కలిపి వెజిటబుల్ కర్రీ అని ఒకటే పేరు పెట్టి కూర్చుంది. బీరకాయ కూరా గుత్తొంకాయ కూరా దాని దృష్టిలో ఒకటే. మూర్ఖపు యంత్రం అని దాన్ని తిట్టిపోసి నా పద్ధతి నేనే పెట్టుకున్నాను. వండబోయేవన్నీ పచ్చిగా ఉండగానే తూచాలి. కందిపప్పు ఇంత, దోసకాయ ఇంత, నెయ్యి ఇంత. ఖాళీ గిన్నె బరువు విడిగా రాసుకోవాలి. వండాక గిన్నెతో సహా తూచి, అందులోంచి గిన్నె బరువు తీసేస్తే కూర బరువు వస్తుంది. ఆమె కంచంలోకి వెళ్ళింది అందులో ఎన్నో వంతో చూసుకుంటే అయిపోతుంది. బడిలో పిల్లల చేత ప్రయోగం చేయించడం కంటే తేలికే అనుకున్నాను.

వంటింటి గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆమె కూర్చునేది. పొయ్యి దగ్గర నేను. అన్నేళ్ళలో మొదటిసారి మా పనులు తారుమారయ్యాయి.

"నూనె ఎంత వెయ్యను?"

"వెయ్యక్కా, సరిపడా."

"సరిపడా అంటే ఎంతే?"

"చూస్తే తెలుస్తుందిగా."

చూస్తే తెలిసే కళ్ళు నాకు లేవు. ఆమెది చేతికి ఎముక లేని వంట. గ్రాములు చెప్పమంటే నవ్వేది. అందుకని నూనె సీసాని పోపుకి ముందొకసారి, తర్వాతొకసారి తూచేదాన్ని. తగ్గినంత కూరలోకి వెళ్ళినట్టు. "బంగారం కొట్లో కూడా ఇంత తూచరక్కా" అని నన్ను ఆటపట్టించేది. అన్నం మెత్తగా మెదిపి, పప్పు, నెయ్యి వేసి మిక్సీలో తిప్పి పెడితే రెండు చెంచాలు తిని, "ఇది పప్పన్నమంటే ఎవరైనా నమ్ముతారా?" అనేది. అయినా తినేది. కళ్ళు మూసుకుని మింగేది. ఒక్కొక్క చెంచా దిగడానికి ఆమె మెడ నరాలు ఎలా బిగుసుకునేవో నేను ఎదురుగా కూర్చుని చూశాను. నాకు ఏడుపు వచ్చేది. ఏడుపు వస్తోందని కోపం వచ్చేది. "ఊఁ, ఇంకో చెంచా, ఇది తింటే పూర్తవుతుంది" అని పిల్లల్ని గద్దించినట్టు గద్దించేదాన్ని.

చూడ్డానికి వచ్చేవాళ్ళు ఇంకో తలనొప్పి. గడపలో అడుగు పెడుతూనే "అయ్యో, ఎంత చిక్కిపోయావే తల్లీ!" అని మొదలెట్టేవాళ్ళు. మన వాళ్ళకి అదే పలకరింపు, అదే ప్రేమ. వాళ్ళు వెళ్ళాక ఆ పూటకి ఆమె ముద్ద ముట్టేది కాదు. ఉయ్యూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మీద నేను ఒంటికాలి మీద లేచాను. "చిక్కిపోలేదండీ, కాటా మీద చూసే చెప్తున్నాను" అన్నాను. ఆవిడ కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఇప్పటికీ మాట్లాడదు. మాట్లాడకపోతే పోనీ.

కానీ నా కాటా మీద కూడా ఆమె తగ్గుతూనే ఉంది. నా లెక్క ప్రకారం తినాల్సినంతా తింటోంది. మరి ఎందుకు తగ్గుతోందో అర్థం కాక తల బద్దలు కొట్టుకున్నాను. ఒక పొద్దున అన్నం వారుస్తున్నాను. మా ఇంట్లో కుక్కరు అన్నం ఎవరికీ సయించదు. ఎసట్లో బియ్యం పోసి, ఉడికాక గంజి వార్చాల్సిందే. ఆ గంజి పెరటి గుమ్మం దగ్గర బకెట్లో పోస్తే, పాలు పోసే ఆవిడ తన గేదెకి పట్టుకెళ్తుంది. గిన్నె వంచేసరికి ఆవిరికి నా కళ్ళద్దాలు మసకబారాయి. అప్పుడు వెలిగింది. నేను తూచింది బియ్యాన్ని. బియ్యంలోని సారం కొంత ఈ బకెట్లోకి పోతోంది.

"ఒసేయ్, ఇన్నాళ్ళూ గేదె తాగిందంతా నీ లెక్కలో కలిపేశానే" అన్నాను గిన్నె పట్టుకుని.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు దగ్గులోకి దిగి, కళ్ళ నీళ్ళు వచ్చి, అయినా ఆగలేదు. "అందుకేనక్కా ఈమధ్య పాలు చిక్కగా ఉంటున్నాయి" అంది. ఇద్దరం పొయ్యి ముందు అలా నవ్వుకోవడం అదే ఆఖరు. ఆ రోజు నుంచి నీళ్ళు సరిగ్గా సరిపోయేట్టు పోసి, చుక్క గంజి పోకుండా అత్తెసరు పెట్టాను. డైటీషియన్ అమ్మాయికి ఫోన్ చేసి చెప్తే, "పర్వాలేదు మేడమ్, గంజి వల్ల ఇంత తేడా రాదు" అంది. తేడా దేనివల్ల వస్తోందో మాత్రం ఆ పిల్ల చెప్పలేదు. నేనూ అడగలేదు.

పెద్ద డాక్టరు మళ్ళీ చూసే రోజు వచ్చింది. ఆ రోజు బరువు నిలిస్తే ఆపరేషన్‌కి తేదీ ఇస్తామన్నారు. గుడివాడ వెళ్ళడానికి కారు వచ్చి గుమ్మంలో ఆగింది. గదిలోంచి ఆమె పట్టుచీర కట్టుకుని బయటికి వచ్చింది. పెళ్ళినాటి కంచి పట్టు. జానెడు జరీ అంచు. రెండు చేతులకీ ఉన్న గాజులన్నీ వేసుకుంది.

"ఏమిటే ఇది? ఎవరి పెళ్ళికి?"

"శుక్రవారం కదక్కా. మంచి మాట వినడానికి వెళ్తున్నాం, మంచి చీర కట్టుకోవద్దూ?"

మా మరిది తన భార్యని చూసి చాలా రోజుల తర్వాత నవ్వాడు. నాకూ ముచ్చటేసింది. ఆసుపత్రిలో నర్సు చెప్పులు విప్పించి కాటా ఎక్కించింది. బరువు నిలిచింది. నిలవడమేమిటి, ఒక పిసరు పెరిగింది కూడా. డాక్టరు తల ఊపి, బెజవాడలో ఆపరేషన్‌కి ఏర్పాట్లు చేస్తామన్నారు. డైటీషియన్ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "ఇంత జాగ్రత్తగా చేసినవాళ్ళని నేను చూడలేదు మేడమ్" అంది. నేను ఎంత పొంగిపోయానంటే, పెడన వచ్చేదాకా నా లెక్క ఎలా కట్టానో కారు డ్రైవరుకి కూడా వివరించాను. ఆమె కిటికీకి తల ఆనించి వింటూ కూర్చుంది. ఇంటి దగ్గర కాటాలో ఏదో లోపం ఉందని, ఇక దాని మీద ఆమెని ఎక్కించనక్కర్లేదని ఆ రోజే తీర్మానించేశాను. నమ్మాలనుకున్న మనిషికి దారులు బోలెడు.

బెజవాడ ఆసుపత్రిలో చేరడానికి కూడా ఆమె ఆ పట్టుచీరే కట్టుకుంది. అది కలిసొచ్చిన చీర అనుకున్నాను. అక్కడి నర్సు మాత్రం నవ్వుతూ, "అమ్మా, ఇక్కడ ఇవేమీ ఉండకూడదు" అని ఆకుపచ్చ గౌను ఇచ్చింది. తెర వెనక నేనే బట్టలు మార్పించాను. చీర విప్పి నా చేతుల్లో పెట్టింది. కింద ఒక లంగా. దాని కింద ఇంకొకటి. దాని కింద మరొకటి. అన్నీ మందపాటివే. గాజులు ఒక్కొక్కటే తీసి చీర మీద పెట్టింది. నెలల తరబడి పొద్దున లేస్తే తూచడమే పనిగా పెట్టుకున్నదాన్ని. ఆ బరువు నా చేతుల మీద పడగానే నాకు కాటా అక్కర్లేకపోయింది. గౌనులో ఆమె పదేళ్ళ పిల్లలా నిలబడి ఉంది.

"అక్కా, తిట్టకు" అంది.

నేను గాజులన్నీ చీర కొంగులో మూట కట్టాను.

"ఆపరేషన్ చేసేస్తే బతికేస్తాననుకున్నా. ఎలాగోలా ఆ బల్ల ఎక్కితే చాలనుకున్నా." మళ్ళీ తనే, "నువ్వు పొద్దున్నే లేచి నూనె సీసాలు తూచుకుంటూ... లెక్క తప్పితే నీ మొహం చూడలేనక్కా" అంది.

ఇన్నేళ్ళయినా నాకు ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. చచ్చిపోతానన్న భయం ఒక పక్కన ఉండగా, ఇంకో పక్కన నా మొహం గురించి ఆలోచించింది. నా లెక్క నిలబెట్టడం కోసం అంత ఎండలో మూడు లంగాలు కట్టుకుని గుడివాడ దాకా వచ్చింది. నేను ఆమెని పట్టుకుని ఆ తెర వెనకే ఏడ్చాను. బయట నర్సు పిలుస్తోంది. వెళ్ళి కాటా ఎక్కాలి కదా. ఎక్కింది. నర్సు అంకె చూసి, ఇంకోసారి చూసి, కాగితం మీద రాసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు డాక్టరు మమ్మల్ని విడిగా పిలిచారు. బరువొక్కటే కాదండీ అన్నారు. కొత్తగా తీసిన స్కానింగులో జబ్బు కాలేయంలోకి పాకినట్టు కనిపించిందన్నారు. గంజి వార్చినా వార్చకపోయినా, పట్టుచీర కట్టినా కట్టకపోయినా ఒకటే అయ్యేదని తేలిపోయింది. అది విని ఊరట పడాలో ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. "ఇంటికి తీసుకెళ్ళండి. ఇంక పథ్యాలేం వద్దు. ఏం తినాలనిపిస్తే అది పెట్టండి" అన్నారాయన. ఆ మాటకి అర్థం మన ఇళ్ళల్లో పసిపిల్లలకి కూడా తెలుసు. మా మరిది గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయాడు.

ఆమెకి ఎవరమూ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఇంటికి వచ్చాక మొదటి పూట నేను కాటా తియ్యకుండా, పచ్చళ్ళతో సహా ఏం కావాలో అడిగాను. నా చేతుల వైపు చూసింది.

"తూచవా?"

"ఎందుకులేవే. నీకు నచ్చింది తిను."

"తూచక్కా" అంది. "నువ్వు లెక్క మానేస్తే నాకు భయమేస్తోంది."

లేచి వెళ్ళి కాటా తెచ్చాను.

కొన్నాళ్ళకి అమ్మ దగ్గరికి వెళ్తానంది. నేను బడికి సెలవు పెట్టి, కాటా సంచిలో వేసుకుని వెంట వెళ్ళాను. మోపిదేవి గుడి ముందు కారు ఆపించి, కూర్చున్న చోటు నుంచే దణ్ణం పెట్టుకుంది. నన్నూ పెట్టుకోమంది. నేను చేతులు కట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ఏ దేవుడికీ దణ్ణం పెట్టే మూడ్‌లో లేను నేను.

వాళ్ళమ్మగారు పెద్దావిడ. కేలరీలంటే ఆవిడకి తెలియదు. "పిల్లకి అన్నం పెట్టేటప్పుడు తూస్తారటమ్మా, దిష్టి తగలదూ?" అని మొదటిరోజు నా మీద కోప్పడింది. కూతురే కల్పించుకుని, "అక్కనలా చెయ్యనీ అమ్మా" అంది. రోజూ మూడు నాలుగు సార్లు ఆవిడ ఏదో ఒకటి కాచి తెచ్చేది. నేను కాటా మీద పెట్టి తూచేదాన్ని. వాళ్ళమ్మగారు చెంచాతో పెట్టేది. అయ్యాక మిగిలింది తూచి, ఫోన్లో లెక్క కట్టి, ఆమెకి వినబడేలా చెప్పేదాన్ని. మొదట్లో నిజం చెప్పాను. తర్వాత కొంచెం కలిపి చెప్పాను. ఆ తర్వాత ఏ అంకె నోటికొస్తే అది చెప్పాను. అబద్ధపు లెక్క చెప్పిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన టీచర్ని నేను. మా మరిది వరండాలో కూర్చుని "ఎంత తింది వదినా?" అని అడిగితే అతనికీ అదే అంకె చెప్పేదాన్ని.

ఆమెకి తెలియదనుకోను. సొంత గొంతులోంచి ఏం దిగిందో ఆమెకి తెలియదా. అయినా వినేది. అంకె వినగానే మొహంలో కొంచెం బిగింపు సడలేది. నేను ఇవ్వగలిగింది అదొక్కటే మిగిలింది.

ఆ రోజు మధ్యాహ్నం వాళ్ళమ్మగారు సగ్గుబియ్యం జావ కాచింది. పాలు, బెల్లం, నెయ్యి వేసి పలచగా. నేను తూచాను. ఆవిడ చెంచా పెదవుల దగ్గర పెట్టింది. పెదవులు కదిలాయి గానీ జావ పక్కకి కారిపోయింది. కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే. "ఒక్క చుక్క, మా అమ్మవి కదూ" అని బతిమాలింది. ఆవిడ చేతిలోంచి చెంచా నేను తీసుకున్నాను. నాకూ అంతే అయింది.

కాసేపటికి ఆమె కళ్ళు తెరిచి నావైపు చూసింది. మాట పూర్తిగా రాలేదు. వంగి చెవి దగ్గర పెడితే, "సరిపోయిందా?" అని వినిపించింది.

నేను ఫోన్ తీసి, ఎప్పటిలాగే అంకెలు నొక్కినట్టు నొక్కాను.

"సరిపోయింది. రేపటికి కూడా కొంచెం మిగిలింది" అన్నాను.

తల ఊపింది. కళ్ళు మూసుకుంది. నేను గిన్నె ఎత్తి కాటా మీద పెట్టాను. పోసిన జావ పోసినట్టే ఉంది.